తోటి ప్రయాణికుని అవమానం – మన కర్తవ్యం

(శాఖా కార్యదర్శుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



విమానంలో ఒక ప్రయాణికునికి అన్యాయం జరుగుతూండగా చూస్తున్నవారు ఏమి చేయాలనే విషయాన్ని గూర్చి నేను మాట్లాడబోతున్నాను. రైల్వే, తపాలా ఉద్యోగులకు విమానంతో ఏమి పని అని మీలో కొందరికి తోచవచ్చు. కాని టిక్కెట్టు కిటికీకి లోపలివైపున కూర్చునేదీ మనమే, సెలవు పెట్టి బయలుదేరిననాడు వెలుపలివైపున నిలబడేదీ మనమే. కనుక ఈ ప్రశ్న మనకు రెండు వైపులనుండీ ఎదురవుతుంది.

1893 జూన్ 7వ తేదీ రాత్రి దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో గాంధీగారిని మొదటి తరగతి పెట్టెనుండి గెంటివేసిన సంగతి మనందరికీ తెలుసు. దాని తరువాత జరిగినది అంతగా తెలియదు. చార్లెస్‌టౌన్‌తో రైలుమార్గం ముగియడంవల్ల ఆయన గుర్రపు బండిలో ప్రయాణం సాగించారు. టిక్కెట్టు ఉన్నా బండి యజమాని తరఫు మనిషి ఆయనను లోపల కూర్చోనివ్వలేదు. పార్డెకోఫ్ వద్ద కాళ్లు పెట్టుకునే పలకమీద కూర్చోమన్నాడు. నిరాకరించినందుకు కొట్టాడు. అప్పుడు తోటి ప్రయాణికులలో కొందరు కలుగజేసుకుని, ఆయనను విడిచిపెట్టమన్నారు. దెబ్బలు ఆగాయి. రైలులో అధికారులను పిలుచుకొని వచ్చినవాడూ తోటి ప్రయాణికుడే, బండిలో అడ్డుపడినవారూ తోటి ప్రయాణికులే. చూచేవారు ఏ పక్షం వహిస్తారనేదానిమీదనే ఆ రెండు సంఘటనల ముగింపు ఆధారపడింది.

ఇక మన కాలానికి వద్దాం. మే డే చరిత్రతో పెనవేసుకున్న చికాగో నగరంలో, 2017 ఏప్రిల్ 9వ తేదీన, లూయీవిల్ వెళ్లవలసిన యునైటెడ్ సంస్థ విమానం నిండిపోయింది. సంస్థ తన సిబ్బంది నలుగురిని అందులోనే పంపదలచింది. సీటు వదులుకున్నవారికి 800 డాలర్ల వరకు ఇస్తామన్నా ఎవరూ లేవలేదు. సొమ్ము మరికొంత పెంచడానికి మారుగా నలుగురి పేర్లు తామే నిర్ణయించారు. వారిలో 69 సంవత్సరాల వైద్యుడొకరు, తనకు రోగులను చూడవలసిన పని ఉన్నదని లేవడానికి నిరాకరించారు. విమానాశ్రయ భద్రతాధికారులు ఆయనను సీటునుండి లాగి, నడవాలో ఈడ్చుకొనిపోయారు. ఆయన ముక్కు విరిగింది, రెండు పళ్లు ఊడాయి. ఆ వైద్యుడే గొడవకు దిగాడని సంస్థ అధిపతి మొదట తన ఉద్యోగులకు వ్రాశారు. కాని ప్రయాణికులు తీసిన చిత్రాలను లోకమంతా చూచింది. రెండు రోజులు తిరగకుండా ఆయన క్షమాపణ చెప్పవలసి వచ్చింది. విమానమెక్కి కూర్చున్నవారిని సీట్లు చాలలేదన్న కారణంతో దింపరాదని 2018లో అమెరికాలో చట్టం వచ్చింది. సాక్ష్యం లేకుంటే యాజమాన్యం మాటే చరిత్ర అయి ఉండేది.

మన దేశంలోని ఉదాహరణ మరొకటి. 2022 మే 7వ తేదీన రాంచీ విమానాశ్రయంలో, హైదరాబాదు వచ్చే ఇండిగో విమానంలోకి ప్రత్యేక అవసరాలు గల ఒక బాలుని ఎక్కనివ్వలేదు. తోటి ప్రయాణికులు ఆ కుటుంబం పక్షాన నిలిచి వాదించారు. వారిలో ఉన్న వైద్యులు తోడ్పడటానికి ముందుకు వచ్చారు. ఆనాడు ఆ బాలుడు ప్రయాణం చేయలేకపోయాడు. కాని చూచినవారు ఊరుకోలేదు, జరిగినదంతా వ్రాసి ప్రజల ముందుంచారు. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ విచారణ జరిపి సంస్థకు 5 లక్షల రూపాయల జరిమానా విధించింది. వైకల్యం కారణంగా ఎవరినీ నిరాకరించరాదనీ, ఆరోగ్యంపై సందేహముంటే వైద్యుడు స్వయంగా పరీక్షించాలనీ అదే సంవత్సరం జులైలో నిబంధనను సవరించింది.

మరి అనేక సందర్భాలలో మనం మౌనం వహిస్తాం, ఎందుకు? మన హృదయం కఠినమై కాదు. 1968లో డార్లీ, లతానే అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష జరిపారు. మూర్ఛ వచ్చిన మనిషి కేక తానొక్కడే విన్నాననుకున్నవారిలో నూటికి 85 మంది వెంటనే కదిలారు. మరో నలుగురు కూడా వింటున్నారనుకున్నవారిలో 31 మందే కదిలారు. పదిమందిలో ఉన్నప్పుడు బాధ్యత పదిమందికీ పంచినట్లై, ఎవరిదీ కాకుండా పోతుంది. సంఘం పెట్టుకున్న మనకు దీనికి విరుగుడు తెలుసు. ముందుగా ఒకరు నోరు విప్పాలి, పక్కవారిని పేరుపెట్టి పిలవాలి.

ఆచరణలో చేయవలసినవి స్వల్పమే. బాధితుని పక్కకు వెళ్లి నిలబడండి. ఏమి సహాయం కావాలో వారినే అడగండి. స్పష్టంగా, మర్యాదగా కారణం అడగండి. విమాన సంఖ్య, సమయం, జరిగిన మాటలు వ్రాసుకోండి. దారికి అడ్డు రాకుండా చిత్రం తీయండి. అన్నిటికంటె ముఖ్యంగా, మీ పేరు, చిరునామా బాధితునికి ఇచ్చి, సాక్ష్యం చెబుతానని మాట ఇవ్వండి. ఇంటికి చేరిన తరువాత ఫిర్యాదు వ్రాయండి.

హద్దు కూడా గుర్తుంచుకోవాలి. గగనతలంలో కమాండరు ఆజ్ఞ భద్రతకు సంబంధించినది. దానిని ధిక్కరించి చేయి చేసుకుంటే బాధితునికి మేలు జరగదు. 2024 జనవరిలో ఢిల్లీలో, ఆలస్యాన్ని ప్రకటిస్తున్న పైలట్‌ను ఒక ప్రయాణికుడు కొట్టాడు. ఆలస్యం ఆ పైలట్ సృష్టించినది కాదు. ఉన్న సీట్లకు మించి టిక్కెట్లు అమ్మే విధానాన్ని నిర్ణయించేది పైనున్న యాజమాన్యం, తిట్లు తినేది గేటు దగ్గర నిలబడిన చిరుద్యోగి. అట్టి ఉద్యోగిమీద చేయెత్తినప్పుడు కూడా చూచేవారి కర్తవ్యం అదే.

చివరగా, చెప్పడానికి కష్టమైన మాట ఒకటున్నది. మన కిటికీ దగ్గర, మన ప్లాట్‌ఫారం మీద, మన సహోద్యోగే ఒక ముసలమ్మను కసిరి పంపుతున్నప్పుడు ఆ చూచేవాళ్లం మనమే. సంఘీభావమంటే తప్పును కప్పిపుచ్చడం కాదు. "తమ్ముడూ, నువ్వు కాసేపు కూర్చో, ఆమె పని నేను చూస్తాను" అనగలిగితే ఆమె పని జరుగుతుంది, అతని పరువూ నిలుస్తుంది. రేపు మనకు అన్యాయం జరిగి వీధిలోకి వచ్చిననాడు, చూస్తున్న ప్రజలు మన పక్షాన నిలవాలంటే, నేడు మనం వారి పక్షాన నిలిచి ఉండాలి.