‘అయినప్పటికీ’ అనే మాట బలం

(కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగం)



ఇంగ్లీషులో కాదనాల్సి వస్తే మనలో చాలామందికి ‘బట్’ ఒక్కటే తోస్తుంది. అవతలివాళ్ళు ‘హౌఎవర్’, ‘నాట్‌విత్‌స్టాండింగ్’ అనగానే వెనక్కి తగ్గుతాం.

నేనూ తగ్గాను. ఈ మధ్య ఒక స్త్రీ తరఫున మాట్లాడటానికి వెళ్ళాను. “ఇల్లు నా పేరున ఉంది, కోడలికి ఇందులో ఏం హక్కుందండీ?” అన్నారు అత్తగారు. దస్తావేజు చూసి నాకు మాట పెగల్లేదు.

ఇంటికొచ్చి 2005 గృహహింస చట్టం తీశాను. 17వ సెక్షన్ ‘నాట్‌విత్‌స్టాండింగ్’తోనే మొదలవుతుంది. ఇతర చట్టాల్లో ఏమున్నప్పటికీ, కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు స్త్రీకి ఉంది. ఆ తర్వాత ‘వెదర్ ఆర్ నాట్’: ఆ ఇంటిపై ఆమెకు యాజమాన్యం ఉన్నా లేకపోయినా.

గమనించండి. ఈ మాటలు అత్తగారి దస్తావేజు అబద్ధమనడం లేదు. “ఇల్లు మీదే, అయినప్పటికీ ఆమె ఇక్కడ ఉండవచ్చు” అంటున్నాయి. ఎదుటివారి వాదాన్ని ఒప్పుకుంటూనే దాన్ని దాటి వెళ్ళే పద్ధతి ఇది.

2006లో బాత్రా కేసులో సుప్రీంకోర్టు అత్తగారి సొంత ఇంటికి ఈ హక్కు వర్తించదంది. 2020లో అహూజా కేసులో అదే కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. మధ్య పద్నాలుగేళ్ళు!

అదే సెక్షన్‌లో ‘సేవ్’ అనే చిన్న మాట కూడా ఉంది. చట్టప్రకారం తప్ప ఆమెను వెళ్ళగొట్టరాదు. అంటే చట్టప్రకారమైతే పంపే దారి ఉందన్నమాటే. మనకు అనుకూలమైన మాటతోపాటు దీన్నీ చదవాలి.

ఇకపై ఏ కాగితం చేతికొచ్చినా ముందు ఇలాంటి మాటల కింద గీత గీద్దాం. అర్థం తెలియకపోతే అడుగుదాం. అడగడం నామోషీ కాదు, తెలియకుండా సంతకం పెట్టడమే ప్రమాదం.