చికిత్స ఇంటిదాకా వెళ్ళాలి

ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ, ప్రత్యేక విద్యలలో పట్టాలు అందుకున్న మీ అందరికీ హృదయపూర్వక అభినందనలు.

మీలో చాలామంది ఇకపై పిల్లలతో పనిచేస్తారు. నా నాలుగు మాటలూ వాళ్ళ గురించే.

ఏడాది నిండినా బిడ్డ కూర్చోవడం లేదని తల్లి దిగులుపడితే, ఇంట్లో పెద్దవాళ్ళు "వాళ్ళ నాన్నకూ అన్నీ ఆలస్యంగానే వచ్చాయి, చూద్దాంలే" అంటారు. వాళ్ళది ప్రేమే. కానీ అలా ఆగినన్నాళ్ళూ చేజారేది మెదడు అతివేగంగా ఎదిగే కాలం. వినికిడి లోపం సంగతే తీసుకోండి. పుట్టిన నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స అన్నది నిపుణులు పెట్టుకున్న గడువు. మన దగ్గర రెండేళ్ళు దాటినా ఆడియాలజిస్టు గడప తొక్కని పిల్లలు ఎందరో.

సరే, బిడ్డ మీ దగ్గరికి వచ్చింది. వారానికి రెండుసార్లు, ముప్పావుగంట చొప్పున చూస్తారు. అంటే గంటన్నర. వారంలో ఉన్నది 168 గంటలు. మిగతా కాలమంతా బిడ్డ తల్లి ఒళ్ళోనో, నాయనమ్మ పక్కనో ఉంటుంది. మీకు తెలిసింది వాళ్ళ చేతికి అందకపోతే ఆ గంటన్నర ఏ మూలకూ చాలదు.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ అన్నం తినడం దగ్గరగా చూడండి. తల్లి కాళ్ళు చాపుకుని, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, మెత్తగా కలిపిన పప్పన్నం నోట్లో పెడుతుంది. బిడ్డ తల వెనక్కి వాలుతుంది, ఒళ్ళంతా విల్లులా బిగుసుకుంటుంది, ముద్ద పొలమారుతుంది. అలా మాటిమాటికీ పొలమారే బిడ్డకు ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వచ్చే ప్రమాదం ఉంది. అదే బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, తుంటీ మోకాళ్ళూ వంచి, గడ్డం కాస్త కిందికి దించి, చిన్న చెంచాతో ఎదురుగా కూర్చుని పెడితే చాలామందిలో మింగడం తేలికవుతుంది. ఇది కాగితం మీద రాసిచ్చే సలహా కాదు. ఆ తల్లి చేతే పెట్టించాలి, ఆమెకు ధైర్యం కుదిరేదాకా పక్కన ఉండాలి.

ఎత్తుకునే తీరు కూడా అంతే. కాళ్ళు ఒకదానిమీదొకటి పడి బిగుసుకునే బిడ్డను రెండు చేతుల మీద పడుకోబెట్టి మోయకుండా, కాళ్ళు చెరోవైపు వచ్చేట్టు చంకనేసుకుంటే తుంటి దగ్గర కాళ్ళు విడివడతాయి, మెడ నిలపడం అలవాటవుతుంది, చుట్టూ ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది. మన అమ్మమ్మలు పిల్లల్ని ఎత్తుకునే పద్ధతే అది! బిడ్డను నిటారుగా కూర్చోబెట్టే కార్నర్ చెయిర్‌ను వేలు పోసి కొనలేకపోతే ఊళ్ళో వడ్రంగి చేసిపెడతాడు. కొలతలు తీసిచ్చే పని మాత్రం మీది. బిడ్డ ఎదిగాక మళ్ళీ కొలవడం కూడా.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటుంది. ఉన్న సాయం కూడా తెలియక కుటుంబాలు అప్పులపాలవుతున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ బడులకూ వెళ్ళి, 18 ఏళ్ళ లోపు పిల్లలను పరీక్షించే బృందాలున్నాయి. వాళ్ళు గుర్తించిన పిల్లల కోసం జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. బడికి రాలేని బిడ్డ ఇంటికి టీచరే వెళ్ళే ఏర్పాటూ ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, అందులో థెరపీ ఖర్చుకూ చోటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కునిచ్చింది. వైకల్య ధ్రువీకరణ పత్రం ఎక్కడ తీసుకోవాలో, ఏ కాగితాలు పట్టుకెళ్ళాలో మీరే చెప్పండి. అది గుమాస్తా పని అనుకోవద్దు, చికిత్సలో భాగమే.

"ఆటిజం పూర్తిగా నయం చేస్తాం" అనే బోర్డులు చూసి పొలం అమ్ముకునే తల్లిదండ్రులు మీ దగ్గరికి వస్తారు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ నైతిక మండలి 2022లోనే తేల్చింది. వాళ్ళకు ఆ నిజం చెప్పండి, మెత్తగా చెప్పండి. ఆ వెంటనే ఈ నెల ఆ బిడ్డతో ఏం సాధించగలమో కూడా చెప్పండి. చొక్కా గుండీ తానే పెట్టుకోవడం, దాహమేస్తే గ్లాసు చూపించడం, ఇలాంటివి చిన్న గెలుపులని ఎవరన్నా నేను ఒప్పుకోను.

నేను చెప్పిన కేంద్రాలన్నీ చక్కగా నడుస్తున్నాయని అనడం లేదు. భవిత కేంద్రానికి ఫిజియోథెరపిస్టు వారానికొక్కరోజు వస్తే అదే పదివేలనుకునే మండలాలున్నాయి. ఆ రోజు పోగొట్టుకోకూడదని కూలి మానుకుని, బిడ్డను చంకనేసుకుని, రెండు బస్సులు మారి వచ్చే తల్లులున్నారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో క్లినిక్కులకు కొదవ లేదు. మీ మొదటి రెండేళ్ళు మీ సొంత జిల్లాకు ఇవ్వండి. అక్కడ ఖాళీగా ఉన్న పోస్టుకు దరఖాస్తు పెట్టండి. పోస్టే లేకపోతే, అడిగి మంజూరు చేయించండి.