ఇల్లు నేసే ఆడవాళ్లు
(వార్షికోత్సవ మహిళా సదస్సులో సోలాపూర్ ఆడపడుచులు చదివిన ప్రసంగ పాఠం)

బరంపురం, సేలం, దొడ్డబళ్లాపురం, భివండీ, యానాం – ఇంతింత దూరాల నుంచి పిల్లాపాపలతో వచ్చిన అన్నలకు, అక్కలకు, చెల్లెళ్లకు సోలాపూర్ తూర్పు భాగం ఆడవాళ్ల శనార్థులు.

మాకు ఇచ్చింది పావుగంట. నేతపని కష్టాల మీద మాట్లాడమన్నారు. ఆ కష్టాలు మేము మీకు చెప్పేదేముంది, మీరు మాకు చెప్పేదేముంది! అందుకే మేము ఒక గుడారం గురించి చెబుదామని వచ్చాం. వెనక మైదానంలో వేసి ఉన్నది అదే. పొద్దున పిల్లలు దాంట్లో దూరి ఆడుకుంటుంటే చూసే ఉంటారు. పెళ్లి షామియానా కాదు అది. అరబ్బు ఎడారుల్లో బెదూయిన్లు అనే సంచార జనం వేసుకునే గుడారం తీరుగా మేము ఇంట్లో నేసి, ఇంట్లో కుట్టుకున్నది.

ఇది మా దాకా ఎట్లా వచ్చిందంటే, ఫోన్లోనే. మా చుట్టాలు సిరిసిల్ల, జగిత్యాల వైపు ఉన్నారు. వాళ్ల పిల్లలు కువైట్‌లో, సౌదీలో బండ్లు నడుపుతారు. చలికాలంలో అక్కడి వాళ్లు ఎడారికి పోయి గుడారాలు వేసుకొని ఉంటారట. అట్లా పోయిన పిల్లాడొకడు వీడియో పంపి, "అత్తా, ఇది ఆడవాళ్లే నేస్తారంట" అన్నాడు. ఆ ఒక్క మాటకు మా గల్లీలో బీడీలు చుడుతున్న చేతులు ఆగినయి.

వాళ్లు దాన్ని 'బైత్ అల్ షార్' అంటారు. వెంట్రుకల ఇల్లు అని అర్థం. నల్ల మేకల వెంట్రుకలు కత్తిరించి, కదురుతో వడికి, నేస్తారు. రంగు వేసే పనే లేదు, మేక నలుపే గుడ్డ నలుపు. కదురు చేతిలోనే తిరుగుతుంది కాబట్టి నడుస్తూ కూడా వడుకుతారు. ఇక మగ్గం చూస్తే మనకు నవ్వొస్తుంది, తర్వాత ముచ్చటేస్తుంది. గుంట లేదు, చట్రం లేదు. నేలమీద రెండు కర్రలు, వాటిని బిగించే మేకులు, మధ్యలో పడుగు. పోగులు ఎత్తే కర్రను అటొక రాయి ఇటొక రాయి పెట్టి నిలబెడతారు. పేకను కొట్టడానికి కత్తిలాంటి చెక్క, బిగించడానికి జింక కొమ్ము. నేసేది నేసిన గుడ్డమీదే కూర్చొని ముందుకు జరుగుతూ పోతుంది. మనకు గుడ్డ దోనెకు చుట్టుకొని మన దగ్గరికే వస్తుంది, ఆమె మాత్రం గుడ్డ వెంట నడుస్తుంది. మజిలీ మారాల్సి వస్తే మేకులు పీకి, సగం నేసిన పడుగును అట్లాగే చుట్టి ఒంటెమీద వేసుకొని పోతుంది.

పట్టీ వెడల్పు రెండు రెండున్నర అడుగులు. కూర్చున్న మనిషి చేయి ఎంత దూరం అందితే అంతే. పొడవు మాత్రం గుడారం ఎంత పొడుగుంటే అంత. అట్లాంటి పట్టీలు పక్కపక్కన పెట్టి కుడితే కప్పు. పాతబడిన పట్టీని విప్పి పక్కలకు, గోడలకు వాడుకుంటారు, నడిమికి కొత్తది వేస్తారు. అంటే ఆ ఇల్లు ఏ ఒక్క ఏడాదిదీ కాదు. తల్లి నేసిన పట్టీ పక్కనే కూతురు నేసిన పట్టీ ఉంటుంది.

ఎండకు నల్లగుడ్డేమిటని మేమూ అడిగాం. ఆ నేత వదులుగా ఉంటుంది. లోపల కూర్చొని పైకి చూస్తే చుక్కల్లాగా వెలుగు కనపడుతుందట. ఎండ గుడ్డమీదే ఆగుతుంది, వేడెక్కిన గాలి ఆ సందుల్లోంచి పైకి పోతుంది, పక్కల పరదాలు ఎత్తితే కింద నుంచి గాలి ఆడుతుంది. వాన పడితే వెంట్రుక ఉబ్బి సందులు మూసుకుంటాయి. పైగా మేక వెంట్రుకకు సహజంగా జిడ్డు ఉంటుంది, నీళ్లు జారిపోతాయి. ఇదంతా మనకు కొత్తదేమీ కాదు. మన కురుమ అన్నలు వానలో గొర్ల వెంట గొంగడి కప్పుకొని నిలబడేది దేని ధైర్యంతో? ఆ ఉన్ని పోగుకు చింతగింజల గంజి పెట్టి నేసే తెలివి, ఈ వెంట్రుకల ఇంటి తెలివి అక్కచెల్లెళ్లే.

ఇప్పుడు మేము ఎట్లా చేశామో చెబుతాం. కొలతలు రాసుకునేవాళ్లు రాసుకోండి.

మా గల్లీలో ఒక్క ఇంట్లో చేమగ్గం మిగిలింది. మిగతా అందరి ఇండ్లల్లో సాంచాలు వచ్చినయి, కొందరివి అవీ పోయినయి. ఆ ఒక్క మగ్గాన్ని కూడా పొయ్యిలోకి కట్టెలు చేద్దామనుకుంటున్న టైముకు మేము అడిగాం. మేక వెంట్రుక మాకు దొరకదు, దొరికినా వడకడం రాదు. మాకు వచ్చింది నూలు. పది నంబరు నూలు రెండు పోగులు పేనినది తీసుకున్నాం. అంగుళానికి 40 పోగులు, 27 అంగుళాల అచ్చు, మొత్తం 1080 పోగులు. పేక అంగుళానికి 16. పడుగు దట్టంగా, పేక కనపడకుండా ఉండాలి. బెదూయిన్ నేత తీరే అది, బలమంతా పడుగులోనే. 36 గజాల పడుగు వేస్తే 32 గజాల గుడ్డ దిగింది, వెడల్పు 26 అంగుళాలు. నూలు ఆరు కిలోలకు కాస్త పైన పట్టింది.

నేయలేని వాళ్లు మందం కాన్వాసు గుడ్డ కొనుక్కోవచ్చు, తప్పేం లేదు. కానీ 26 అంగుళాల పట్టీలుగానే కోసుకోండి. ఒకటే వెడల్పాటి గుడ్డ వేస్తే అది టార్పాలిన్ అయితది గానీ ఈ గుడారం కాదు. రంగు మాత్రం నలుపు వద్దు. వాళ్ల వదులు నేతలో నలుపు నడుస్తది. మన దట్టమైన నూలు గుడ్డ నల్లగా వేస్తే సోలాపూర్ ఎండాకాలంలో లోపల పెనం మీద కూర్చున్నట్టే ఉంటుంది. మేము తెల్ల నూలే ఉంచి, అంచులకు ఎర్ర పోగులు, నల్ల పోగులు పెట్టుకున్నాం.

32 గజాలను 16 అడుగుల చొప్పున ఆరు పట్టీలు చేశాం. ఒక పట్టీ అంచు మీద ఇంకో పట్టీ అంచు రెండంగుళాలు ఎక్కించి, రెండు వరసల కుట్టు వేయాలి. పెంకుటింట్లో పై పెంకు కింది పెంకు మీద ఎక్కినట్టు, నడిమి పట్టీ అంచు పైన, దాని కిందది లోపల ఉండాలి. లేకుంటే వాననీళ్లు కుట్టులోకి దిగుతాయి. చుట్టూ అంచు మడిచి కుడితే కప్పు 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు తేలుతుంది.

అసలు కిటుకు ఇక్కడుంది. దీన్ని దయచేసి వినండి. తాళ్లు ముందుకు, వెనక్కు లాగుతాయి. పట్టీలు మాత్రం అడ్డంగా పోతాయి. అంటే లాగుడంతా కుట్టు మీద పడుతుంది, రెండు గాలులకే కుట్టు విచ్చుకుంటుంది. అందుకని బెదూయిన్ ఆడవాళ్లు కప్పు లోపలివైపు, ముందు నుంచి వెనక దాకా, పట్టీలన్నిటి మీదుగా గట్టి నేత పట్టెలు కుడతారు. తాడు కట్టేది గుడ్డకు కాదు, ఆ పట్టె కొసకు. మేము మంచాలకు అల్లే నవారు వాడాం. రెండు కొసలకు రెండు, నడిమికి ఒకటి, మొత్తం మూడు. నవారు కొసలు మడిచి ఉచ్చులాగా కుట్టి తాడు దూర్చాం. కప్పు బరువు, గాలి బరువు ఆ మూడు నవార్లే మోస్తాయి.

బొంగులు తొమ్మిది. నవారు పోయే తోవలోనే నిలబెట్టాలి, పక్కన కాదు. నడిమి మూడు ఏడున్నర అడుగులు, ముందువి ఐదున్నర, వెనకవి ఐదు. బొంగు కొస గుడ్డను పొడవకుండా వాళ్లు పైన ఒక చెక్కముక్క పెడతారు. మేము పాత నాడెలు పెట్టాం. ఇనుప ముక్కులు తీసేసి, కండె ఉండే గుంత కిందికి వచ్చేటట్టు బోర్లిస్తే, సన్నగా చెక్కిన బొంగు కొస ఆ గుంతలో సరిగ్గా కూర్చుంది. మా ముసలమ్మ అది చూసి, "నలభై ఏండ్లు అటూ ఇటూ ఉరికింది, ఇప్పుడు నిలబడ్డది" అన్నది.

తాళ్లు పన్నెండు: ముందు మూడు, వెనక మూడు, పక్కలకు మూడేసి. మేకు బొంగు పాదం నుంచి, బొంగు ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో కొట్టాలి, తల బయటికి వాల్చి. దగ్గర కొడితే తాడు నిక్కి నిలబడి మేకును పీకేస్తుంది. లోపల నీడ 11 అడుగుల లోతు వస్తుంది గానీ, తాళ్లతో కలిపి ముప్పై అడుగుల జాగా కావాలి. డాబా మీద వేసేవాళ్లు మేకులకు బదులు ఇసుక నింపిన బస్తాలు పెట్టుకోండి, కానీ గట్టి గాలి వచ్చేటట్టుంటే మొహమాటం లేకుండా దించేయండి. నూలు గుడ్డ కింద పొయ్యి వద్దే వద్దు. వానలో లోపలి నుంచి కప్పును వేలితో ముట్టనీయకండి, ముట్టిన చోట నీరు కారుతుంది. పిల్లలకు ఇది చెప్పడమే అన్నిటికన్నా కష్టం.

గోడలకు పాత సోలాపూర్ చాదర్లే. కప్పుకు కుట్టకూడదు, పిన్నులతో తగిలించాలి. వాళ్లూ అంతే, గాలి ఎటు తిరిగితే గోడ అటు మారుస్తారు. నడిమికి ఒక పరదా: ఒక పక్క కాఫీ పొయ్యి, వచ్చిపోయే అతిథులు, ఇంకో పక్క ఆడవాళ్లు, పిల్లలు, మగ్గం. ఆ పరదా మీదే ఆడవాళ్లు తమ పనితనమంతా చూపిస్తారు. ఆ నేతను సదూ అంటారు. 2011లో యునెస్కో వారు ఎమిరేట్స్ సదూను అత్యవసరంగా కాపాడాల్సిన వాటిలో చేర్చారు. 2020లో సౌదీ, కువైట్ సదూకు కూడా యునెస్కో గుర్తింపు వచ్చింది. చమురు ఉన్న దేశాల్లోనూ మగ్గం దగ్గర కూర్చునే చేతులు తగ్గిపోయినయి చూడండి.

ఇంత చేస్తున్నప్పుడు మాకు ఒక సంగతి పట్టుకుంది. ఆ ఎడారిలో ఇల్లు నేసేది ఆమె, ఎత్తేది ఆమె, దించేది ఆమె. ఆమెను నేతగత్తె కాదని ఎవరూ అనరు. మన దగ్గర? కండెలు చుట్టేది మేము, పడుగు చేసేది మేము, తెగిన పోగు అతికేది మేము, గంజి కాచేది మేము. కాగితం మీద నేసేది మాత్రం మగాయన. ఒక చోట సహాయం కోసం దరఖాస్తు ఇవ్వబోతే, "మీరు నేయరు కదమ్మా, సాయం చేస్తారు" అన్నారు. 2019-20 చేనేత గణనలో దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికులుంటే, వాళ్లలో నూటికి 72 మంది ఆడవాళ్లని తేలింది. ఆ 72 మంది పేర్లు మన సంఘాల పుస్తకాల్లో ఎక్కడున్నాయి? మన సభ్యత్వ పత్రంలో 'నేత కార్మికుని పేరు' అని ఒకే గడి ఉంది. పక్కన ఇంకో గడి గీయమని అడుగుతున్నాం. ఈ ఏడాదే, ఈ సభలోనే. పెద్దలకు కష్టమైన పని కాదు, ఒక గీత.

మేమైతే ఆగలేదు. నడిమి నవారు మీద పదకొండు మంది పేర్లు ఎర్ర దారంతో కుట్టేశాం. అందులో నలుగురికి చదువు రాదు, మనుమరాళ్లు రాసి ఇస్తే దాని మీద కుట్టారు. ఆ మనుమరాళ్లకు ఇప్పుడు అచ్చు అతకడం వచ్చు. రోజూ బీడీల లెక్క అయినంక, రాత్రి తొమ్మిది దాటాక నేర్చుకున్నారు. నారళీ పూర్ణిమకు మార్కండేయ రథం కదిలేటప్పుడు, తోవలో ఈ గుడారం కిందనే మజ్జిగ పోయాలని అనుకున్నాం.

చివరగా, దాచుకోవడం గురించి. తడి ఉండగా మడత పెట్టకండి, రెండు రోజుల్లో బూజు నల్లచుక్కలు వస్తాయి, అవి పోవు. నీడన పూర్తిగా ఆరబెట్టి, కుట్ల వెంబడి మడిచి, మధ్యలో ఎండిన వేపాకు వేసి, ఎలుకలు రాని చోట పైన పెట్టండి. నవారు ఏటా ఒకసారి లాగి చూడండి, ముందు అరిగేది అదే.

భోజనాలయ్యాక గుడారం దగ్గరే ఉంటాం. రెండుసార్లు దించి, మళ్లీ వేసి చూపిస్తాం, తాడు పట్టడానికి మనుషులు కావాలి. భివండీ అక్కలు తమకూ ఒకటి నేసి ఇమ్మని నిన్న రాత్రి అడిగారు. మగ్గం మీద అచ్చు ఇంకా తీయలేదు. నూలు తెచ్చుకోండి, అతుకుదాం. శనార్థులు.