మల్కిభరాముడు - మస్తానమ్మ



రెండు మాటలు కలిసి ఒక్క మాట కావడాన్ని గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. నేను పండితుణ్ణి కాను. ఆ మాటలు మన ఇళ్లలోనే ఉన్నాయి గనుక ఒప్పుకున్నాను.

దూది, ఏకు కలిస్తే దూదేకు. అందులోంచి వచ్చిందే దూదేకుల అన్న పేరు. రెండూ తెలుగే, పేచీ లేదు. మౌలా, అలీ కలిసి మౌలాలి అయింది. పేచీ ఎక్కడంటే, ఒక భాష మాటకు ఇంకో భాష మాట అతికినప్పుడు. సంస్కృతానికి తెలుగు అతికితేనే వ్యాకరణంవారు వైరి సమాసం అన్నారు. మరి పీర్లపండుగను ఏమనాలి? పీరు ఫారసీ, పండుగ తెలుగు. హుస్సేన్‌సాగర్‌లో ముందుది అరబ్బీ, వెనకది సంస్కృతం. రోజుకూలి అన్న మాటలో రోజు ఫారసీది. అది లేకుండా ఏ మేస్త్రీ పని నడపగలడు? (మేస్త్రీ బుడతకీచుల మాట, అది వేరే కథ.)

అసలు చెప్పదలచింది గోల్కొండ ప్రభువు సంగతి. 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా, పట్టానికి రాకముందు ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నాడు. తెలుగు మరిగాడు. మన కవులు మలిక్, ఇబ్రహీం అన్న రెండింటినీ కలిపి ఆయన్ని మల్కిభరాముణ్ణి చేశారు. ఇబ్రహీంలో 'భ' ఎక్కడిది, చివర 'డు' ఎక్కడిది? ఆయన మాత్రం అద్దంకి గంగాధరకవి చేత తపతీ సంవరణోపాఖ్యానం అంకితం పుచ్చుకున్నాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నెగంటి తెలగన యయాతి చరిత్ర అంకితమిచ్చాడు. అచ్చతెనుగులో తొలి కావ్యం అది. సంస్కృతం సోకని తెలుగుకు కృతిపతి ఖాన్ సాహెబు!

ఇదంతా ఎందుకంటారా? మన కుర్రవాళ్లు దరఖాస్తుల్లో నాయనమ్మ పేరు మస్తానమ్మ అని రాయడానికి సిగ్గుపడి మస్తాన్‌బీ అని దిద్దుతున్నారు. ఉర్దూ వచ్చినవాళ్లు నవ్వుతారని భయం. హుస్సేనమ్మ, దస్తగిరమ్మ, ఫకీరప్ప, అందరిదీ అదే గతి. రేషన్‌కార్డులో ఒక పేరు, దరఖాస్తులో మరో పేరు పడి, పింఛను కోసం ఏడు నెలలు తిరిగిన ముసలమ్మను నేనెరుగుదును. పేరు దిద్దింది సొంత మనవడే, పాపం మంచికే చేశాననుకున్నాడు.

మన సంఘంలో ఫారాలు నింపే తమ్ముళ్లకు ఒక్క మనవి. కలం పెట్టేముందు, "నీ పేరేందమ్మా?" అని ఆమెనే అడగండి. ఆమె నోట ఎలా వస్తే అలాగే రాసి, ఒకసారి చదివి వినిపించి, అప్పుడు వేలిముద్ర వేయించండి.