తలనొప్పి సాకు కాదు



ఏటా ఈ వేదిక మీద మన సంఘం చేసిన మంచి పనులు చెప్పుకుంటాం. ఈసారి మేము చేసిన ఒక పొరపాటుతో మొదలుపెడుతున్నాం.

మన కుట్టు శిక్షణ కేంద్రానికి వచ్చే ఒక అమ్మాయి నెలలో నాలుగైదు రోజులు మధ్యలోనే మిషను ఆపి, తల పట్టుకుని కూర్చునేది. పని తప్పించుకోవడానికి సాకు అనుకున్నాం. ఒకరోజు అందరి ముందూ మందలించాం. కాసేపటికే ఆ పిల్ల వాంతి చేసుకుంటే గానీ మా కళ్లు తెరుచుకోలేదు. డాక్టరు చూసి మైగ్రేన్ అన్నారు. మన ఇళ్లలో ఆధాసీసీ అనీ, తెలుగులో పార్శ్వపు నొప్పి అనీ అనేది దీన్నే.

ఇది మామూలు తలనొప్పి కాదు. చాలామందికి ఒకవైపు పోటు పెడుతుంది. కడుపులో తిప్పుతుంది. వెలుతురు, చప్పుడు భరించలేరు. మందు పడకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉండవచ్చు. పురుషుల కంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. స్కానింగులో మామూలుగా ఏమీ కనబడదు, అందుకే ఇంట్లోవాళ్లు నమ్మరు. నొప్పి కంటే ఆ మాటలే ఎక్కువ బాధపెట్టాయని ఆ అమ్మాయి మాతో అంది.

డాక్టరు చెప్పినట్టు ఆమె రెండు నెలలు నోటుబుక్కులో అన్నీ రాసుకుంది. బస్సు అందుకోవాలని నాష్టా మానేయడం, రాత్రి నిద్ర చాలకపోవడం, మిణుకుమనే ట్యూబులైటు కింద కూర్చోవడం: వీటిలో ఏ రెండో కలిసిన రోజే నొప్పి వచ్చింది. అందరికీ ఇవే కారణాలు కావు. ఒకరికి ఎండ, ఒకరికి ఘాటైన అత్తరు, ఇంకొకరికి నెలసరి రోజులు. ఎవరివి వారే రాసి పట్టుకోవాలి.

రంజానులో మరింత జాగ్రత్త కావాలి. పగలంతా ఉపవాసం. తిండి, నీళ్లు, నిద్ర, చాయ్ నాలుగూ ఒక్కసారే మారిపోతాయి. అలవాటైన చాయ్ ఆగినా తల నొస్తుంది. కాబట్టి రెండు వారాల ముందు నుంచే చాయ్ తగ్గించుకుంటూ రావాలి. సహరీ మానకూడదు. ఇఫ్తార్ తర్వాత నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. మందుల వేళలు ముందే డాక్టరును అడగాలి. రోగి ఉపవాసాన్ని తర్వాతి రోజుల్లో పూర్తి చేసుకునే సౌలభ్యం దివ్య ఖుర్ఆన్‌లోనే ఉంది. ఆ సౌలభ్యం వాడుకున్న కోడలిని ఎవరూ ఎత్తిపొడవవద్దు.

మరొక్క మాట. నెలలో పది పదిహేను రోజులు మెడికల్ షాపు మాత్రలు మింగుతూ పోతే, ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. తరచుగా వచ్చేవారికి రాకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి, డాక్టరు రాస్తారు. ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత నొప్పి వచ్చినా, మాట తడబడినా, చెయ్యి కాలు పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆ అమ్మాయిని, మందలించిన చోటనే, అందరి ముందూ క్షమాపణ అడిగాం. కేంద్రంలో ట్యూబులైట్లు మార్చాం. ఉదయం వచ్చినవారికి ముందు నాష్టా పెడుతున్నాం. ఆమెకు నొప్పి పూర్తిగా పోలేదు, తగ్గింది. శిక్షణ మాత్రం పూర్తి చేసింది.

దాతలను ఈ ఏడాది మేము కోరేది చిన్నదే: కేంద్రంలో ఒక గది, దానికి మందపాటి పరదా, ఒక మంచం, ఒక ఫ్యాను. నొప్పి వచ్చినవాళ్లు మాత్ర వేసుకుని, చీకట్లో కాసేపు పడుకుని లేస్తే చాలాసార్లు మళ్లీ మిషను దగ్గరికి రాగలుగుతారు. ఆ గది లేకపోతే ఇంటికి వెళ్లిపోతారు. అలా వెళ్లినవారిలో కొందరు మళ్లీ రాలేదు.