బడికి నాలుగు మినుము మొక్కలు



‘చదవకపోతే పొలం పనికి పంపిస్తా’ అని పిల్లల్ని బెదిరించింది మనమే. పొలాన్ని శిక్షగా చూపించి, వాళ్లకు సేద్యం తెలియడం లేదని ఇప్పుడు బాధపడితే ఎలా?

మన కూచిపూడి మాగాణుల్లో వరి కోతకు ముందే మినుము చల్లుతాం. సంక్రాంతి సెలవులయ్యాక నాలుగు మొక్కలు వేళ్లు తెగకుండా తీసి బడికి పట్టుకెళ్దాం. వేరు బుడిపెను గోటితో చీలిస్తే లోపల ఎర్రగా ఉంటుంది. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవులు అక్కడ పనిచేస్తున్నాయన్నమాట. పుస్తకంలో బొమ్మగా చూసింది పిల్లలు చేత్తో పట్టుకుంటారు. చేతిపనితోనే చదువు సాగాలని గాంధీజీ 1937లో వార్ధాలో చెప్పారు.

మాస్టార్లను అడిగి, సంఘం తరఫున నెలకొకరం వెళ్దాం. పిల్లలంతా రైతులే కానక్కర్లేదు. రేపు ఏ కుర్చీలో కూర్చున్నా, మనం గిట్టుబాటు ధర ఎందుకు అడుగుతున్నామో తెలిసినవాళ్లు కావాలి.