మోవర్ సీటు కింద స్విచ్‌ని బైపాస్ చేశారా? ముందు ఇది చూడండి

ఈ రోజు ల్యాప్‌టాప్ లేదు, కోడ్ లేదు, గ్యారేజీలో ఉన్నాం. వెనకాల కనిపిస్తోంది కదా, అది మా అక్కావాళ్ల రైడింగ్ మోవర్. ఇండియా నుంచి చూసేవాళ్లు గడ్డి కోసే బుల్లి ట్రాక్టర్ అనుకోండి. మీద కూర్చుని నడుపుతాం. కింద డెక్ అని బోర్లించిన ఇనుప బేసిన్ లాంటిది ఉంటుంది, అందులో రెండు బ్లేడ్లు తిరుగుతాయి. నార్త్ కరోలినాలో ఎకరం స్థలంలో ఇల్లు తీసుకున్నాక బావ మొదట కొన్నది సోఫా కాదు, ఇదే. అదీ సెకండ్ హ్యాండ్.

ఆయిల్, పెట్రోల్ తర్వాత చెప్తా. ముందు సీటు.

ఏప్రిల్‌లో బండికి ఒక రోగం పట్టుకుంది. చిన్న గతుకు వచ్చినా ఇంజిన్ టక్కున ఆగిపోయేది. సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది, మనం కూర్చున్నామా లేదా అని అదే చూస్తుంది. బ్లేడ్లు తిరుగుతుండగా లేచామో, ఇంజిన్ కట్. బావ ఏదో వీడియో చూసి, చిన్న వైరు ముక్కతో దాన్ని బైపాస్ చేసేశాడు. "ఐదు నిమిషాల పని రా" అన్నాడు. నేనూ నవ్వి ఊరుకున్నా. నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేసినవాణ్ణి, ప్రాబ్లం వదిలేసి అలర్ట్‌ని మ్యూట్ చేస్తున్నాడని అప్పుడే తట్టాలి. తట్టలేదు.

ఆ శనివారం సాయంత్రం దారిలో ఓ కొమ్మ పడి ఉంటే, తీద్దామని బావ దిగాడు. రోజూ దిగగానే అన్నీ వాటంతట అవే ఆగేవి కాబట్టి బ్లేడ్ లివర్ ఆఫ్ చేసే అలవాటే లేదు ఆయనకి. ఈసారి ఆగలేదు. సరిగ్గా అప్పుడే మా మేనకోడలు, ఆరేళ్ల పిల్ల, నీళ్ల బాటిల్ పట్టుకుని "డాడీ" అంటూ పరిగెత్తుకొస్తోంది. నేను అరిచిన అరుపుకి అక్కడే నిలబడిపోయింది. ఏమీ కాలేదండి. బావ తాళం తిప్పేసి గడ్డిలోనే కూర్చుండిపోయాడు. అక్క ఒక్క మాట కూడా అనలేదు, నాకు దానికే ఎక్కువ భయమేసింది.

మర్నాడు పొద్దున్నే రిపేర్‌కి కూర్చున్నాం. ఫస్ట్ తాళం తీసి జేబులో పెట్టుకోండి, తర్వాత స్పార్క్ ప్లగ్ వైరు పీకి దూరంగా పెట్టండి. సీటు ముందుకి వంచితే స్విచ్ కనిపిస్తుంది. మాది చూస్తే కనెక్టర్ పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టేసి ఉంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి తుడిచాం, కొంచెం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. స్విచ్ కూడా అరిగిపోయింది. సీటు కింద లేబుల్ మీద మోడల్ నంబర్ ఉంటే, దాన్ని బట్టి కొత్తది తెప్పించాం. ఇరవై డాలర్లు కూడా కాలేదు. సన్నగా ఉన్నవాళ్లకి ఇంకో సంగతి: కొన్ని సీట్లకి బరువుని బట్టి స్ప్రింగ్ సెట్ చేసుకోవచ్చు, మాన్యువల్ చూడండి.

టెస్ట్ చేసేటప్పుడు చుట్టూ ఎవరూ ఉండకూడదు. బండి కదలకుండా బ్రేక్ వేసి, బ్లేడ్లు ఆన్ చేసి, దిగకుండా సీటు మీద నుంచి కాస్త పైకి లేవండి. ఇంజిన్ ఆగిందా, ఓకే. ఆగకపోతే ఆ రోజు గడ్డి కోయడం లేదు, అంతే.

ఒక మాట మన వాళ్లకే. మనం ఊళ్లో ట్రాక్టర్ మడ్‌గార్డు మీద కూర్చుని పెరిగాం, అందుకే ఇక్కడ పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఓ రౌండ్ వేస్తే ముచ్చటగా అనిపిస్తుంది. వద్దు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేది ఏంటంటే, పదహారేళ్లు నిండకుండా ఇది నడపకూడదు, చిన్నపిల్లల్ని ఎక్కించుకోనే కూడదు. మా మేనకోడలు "మామయ్యా, ఒక్క రౌండ్" అని ఇప్పటికీ అడుగుతుంది. సైకిల్ మీద తిప్పుతున్నా.

మిగతావి గబగబా చెప్పేస్తా. చాలా ఇంజిన్లకి 50 గంటలకో, ఏడాదికోసారో ఆయిల్ మార్చాలి. ఇంజిన్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడు తీస్తే మురికి బాగా దిగుతుంది. ఎయిర్ ఫిల్టర్ అప్పుడే చూసేయండి. ఇక్కడ బంకుల్లో దొరికే పెట్రోల్‌లో మామూలుగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమని పీల్చుకుంటుంది. చలికాలమంతా ట్యాంకులో వదిలేస్తే కార్బురేటర్ జిగురు పట్టి మూసుకుపోతుంది. స్టెబిలైజర్ కలిపి ఐదు నిమిషాలు నడిపి పెట్టండి. 15 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ మాత్రం మోవర్‌లో పోయొద్దు, పంపు మీద లేబుల్‌లోనే రాసి ఉంటుంది.

బ్లేడు సానబెట్టాలంటే బండిని ఉత్త జాకీ మీద లేపి కింద దూరొద్దు, స్టాండ్లు పెట్టండి. చేతికి గ్లవ్స్, బ్లేడు తిరక్కుండా చెక్క ముక్క అడ్డం. ముందున్న వాలులోనే ఆకురాయితో రుద్దండి, తర్వాత మధ్య రంధ్రంలో మేకు దూర్చి వేలాడదీయండి. ఒక పక్కకి వాలితే ఆ పక్క ఇంకొంచెం రుద్దాలి. కోసిన గడ్డి చివర్లు చీలి, తెల్లబడుతున్నాయంటే బ్లేడు మొద్దుబారినట్టే.

డెక్ బెల్టు మార్చడం వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా, ఆర్డర్ పెట్టిన బెల్టు ఇంకా రాలేదు. మీ బండి రోగాలేంటో కామెంట్లో పెట్టండి. బై.